ముట్టని పిట్ట

జనవరి 16, 2022, ఆదివారం

దీపావళికి సేఠ్ తన మగ్గాల షెడ్డులో, అదే ఖాతాలో, అందరికీ మిఠాయి డబ్బాలు పంచి, నాకు మాత్రం ఈ డైరీ ఇచ్చాడు. ఈ భాగీరథికి చదువొచ్చని ఎవరో చెప్పి ఉంటారు. సిరిసిల్లలో పదో తరగతి పాసైనందుకు ఇన్నేళ్ళకు దొరికిన బహుమానం ఇది. మిఠాయే నయం. కానీ ఈ మధ్య పని లేని రోజు చేతులు ఊరుకోవడం లేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే ఎక్కడ చూసినా మాంజా దారమే. పతంగుల పండగ అయిపోయింది, దారం మాత్రం గుజరాత్‌లో మేముండే ఈ భేస్తాన్ మొత్తానికీ చుట్టుకుని ఉంది. తెగిన పోగులు అతికి బతికేదాన్ని, ఇంత దారం గాలికి వదిలేస్తే ఒళ్ళు మండదా. నీళ్ళ ట్యాంకు పక్కన రెక్క తెగిన కాకి ఒకటి చచ్చి పడుంది. చీపురుతో తోసేశాను. కాకుల మీద నాకు జాలి లేదు.

గురువారం మ్యాచ్ ఉంది. ఆసియా కప్పు, ఆడవాళ్ళ ఫుట్‌బాల్, ఇండియా ఆడేది బొంబాయిలో. ఇందులో బాగా ఆడితే ప్రపంచ కప్పుకు పోతారట. కరోనా మళ్ళీ లేచింది కాబట్టి స్టేడియంలోకి జనాన్ని రానివ్వరట. మంచిదే. లేకపోతే రైలెక్కుదామని నా కూతురు సుమన నా ప్రాణం తీసేది.

ఆయన ఉంటే రానివ్వకపోయినా రైలెక్కేవాడు. స్టేడియం గోడ బయట నిలబడి అరుపులు విని వచ్చేవాడు.

జనవరి 18

సుమన నీలం జెర్సీ మళ్ళీ ఉతికింది. మురికేం లేదు.

జనవరి 20, గురువారం

సున్నా, సున్నా. ఇరాన్ పిల్లలు తలకు గుడ్డలు కట్టుకుని గోడలాగా నిలబడ్డారు. మనవాళ్ళు ఎన్నిసార్లు పోయినా బంతి లోపలికి పోలేదు.

గదిలో నేను, సుమన, మా మరిది సంపత్. గుమ్మంలో కింది గది ఒడియా వాళ్ళు నలుగురు, మాస్కులు గడ్డాల కింద. ఆయన కూర్చునే బాబిన్ల పెట్టె టీవీ ముందు ఎప్పటి చోటనే ఉంది. ఒడియా వాళ్ళలో ఒకతను దాని మీద కూర్చోబోయి, సంపత్ ముఖం చూసి లేచి నిలబడ్డాడు. ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఆయనకు అంటించింది వాళ్ళే. పక్క పక్క మగ్గాల మీద ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తే ఇంకేం అంటుతుంది? ఆయన సుమనకు అంటించాడు. పదహారేళ్ళ పిల్ల, కాళ్ళ నిండా గాయాలే. నాకు అంటలేదు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు చిల్లాయిస్తున్నవ్," అంది సుమన ఒకసారి.

నేను అరవలేదు. బియ్యం ఒలికాయి, అందుకు అన్నాను.

జెర్సీ ఇప్పుడు దానికి సరిపోయింది. పోయినేడు మార్చిలో ఖాతాలో మిగిలిన నీలం గుడ్డ తెచ్చి ఆయనే కుట్టించాడు. చీర లైనింగు గుడ్డ, గాలి ఆడదు. అంత వదులు ఎందుకయ్యా అంటే, జనవరికల్లా పెరుగుతుంది, అప్పుడు వేసుకునేదే కదా అన్నాడు. ఏప్రిల్లో పోయాడు.

రాయొద్దనుకున్నాను. రాస్తే తగ్గుతుందేమో చూస్తాను.

మా ఇద్దరికీ కూడా పాజిటివే. ఆయనను అంబులెన్స్ ఎక్కించారు, అది సందు చివర మలుపు తిరిగింది, అంతే. మేము గదిలో, బయట నుంచి తలుపు గడియ పెట్టి ఉంది. ఆయన పోయిన మూడో రోజు సంపత్ ఒక్కడే డాబా మీద ఆకు వేసి పిట్టకు పెట్టాడు. కాకి వచ్చి గోడ మీద కూర్చుంది కానీ ముట్టలేదు. పోయిన మనిషికి తీరని కోరిక ఉంటే ముట్టదు. ఆ కోరిక తీరుస్తామని మాటిస్తే అప్పుడు ముడుతుంది. సంపత్ తనకు తోచినవన్నీ చెప్పాడట. వదినను చూసుకుంట, పిల్లను చదివిస్త, ఊర్ల ఇల్లు అమ్మనియ్య. చివరికి కిందికి వచ్చి మూసిన తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వదినా, అన్నకు ఏం కోరిక ఉండె? జర యాది చేస్కో. పిట్ట ముడుతలేదు."

అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని. ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. నా పక్కనుంచి సుమన చెప్పింది. "బొంబాయిల ఇండియా మ్యాచ్ చూడాలని ఉండె కాకా. నన్ను తీస్కపోతనన్నడు."

సంపత్ మళ్ళీ పైకి పోయేసరికి ఎండకు ఆకు వడలింది. కాకి వెళ్ళిపోయింది. ఆ అన్నం తాపీ నదిలో కలిపి వచ్చాడు. ఇంకే కోరికా తెలియదు కాబట్టి మా ముగ్గురికీ అదే మొక్కు అయి కూర్చుంది. జనవరి మ్యాచులు. ఇండియా గెలవాలి, మేం చూడాలి, ఆయనకు తీరాలి.

నేను ఇవన్నీ నమ్మను.

ఆదివారం తైపీతో ఆట. గెలిస్తే చాలట.

జనవరి 23, ఆదివారం

కోడికూర వండాను. ఊరికే, ఆదివారం కదా అని. సంపత్ సాయంత్రమే వచ్చేశాడు. సుమన మధ్యాహ్నం నుంచి జెర్సీలోనే ఉంది. ఒడియా వాళ్ళు మురుకుల పొట్లం తెచ్చారు.

టీవీలో ఆట మొదలు కాలేదు. ఏవో పాత ఆటలు చూపిస్తున్నారు. సంపత్ కనెక్షన్ వాడిని తిట్టాడు, డబ్బాను తట్టాడు, తీగ తీసి పెట్టాడు. తర్వాత ఒడియా అతను ఫోను చూసి మెల్లగా చెప్పాడు. మన పిల్లల్లో చాలామందికి కరోనా అట. ఆటకు దించడానికి సరిపడా మనుషులు లేరట. ఆట రద్దు.

 సుమన ఒక్కటే అడిగింది.

"వాళ్ళ ఆక్సిజన్ ఎంతుందంట?"

సంపత్ నా వైపు చూశాడు. నేను గిన్నెలు సర్దడానికి లేచాను.

"మంచిగనే ఉన్నరంట బిడ్డా," అన్నాడు. "జ్వరమే. ఆటగాళ్ళు గదా, ఛాతీలు గట్టిగుంటయ్."

"బాపుది గూడ గట్టిగనే ఉండె," అంది సుమన.

కోడికూర ఎవరూ తినలేదు. కింది వాళ్ళకు గిన్నెతో సహా ఇచ్చేశాను.

జనవరి 24

ఇండియా టోర్నమెంటు నుంచే పోయింది. మిగతా ఆటలు కూడా లేవు, ఆడిన ఆట కూడా లెక్కలో లేదు. ప్రపంచ కప్పు సంగతి ఇక ఎత్తే పనే లేదు. ఇండియా తప్పుకున్నట్టుగా భావిస్తారట. సంపత్ ఫోనులో చదివి వినిపించాడు.

తప్పుకోవడమేంది? ఎవరు తప్పుకున్నారు? ఇంట్లోకి వచ్చి మనిషిని ఎత్తుకుపోయి, తనే పోయాడని రాసుకుంటారా? నాకు ఎవరి మీద కోపమో తెలియడం లేదు. పొద్దున్నుంచి గది మూడుసార్లు ఊడ్చాను.

జనవరి 25

పనిలో తప్పు చేశాను. మగ్గం మీద పాత బీము, అంటే పడుగు చుట్టిన రోలు, అయిపోతే కొత్త బీము పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. అదే నా పని. కళ్ళు మూసుకుని చేస్తాను. ఈరోజు ఎక్కడో ఒక పోగు వదిలేసి దాని పక్కదాన్ని పట్టుకున్నాను. అక్కడి నుంచి ప్రతి పోగూ తనది కానిదానికి అతుక్కుంటూ పోయింది. మగ్గం ఆడించి చూస్తే గుడ్డ మధ్యలో గీత. మాస్టర్ చూసి పక్క మగ్గానికి పోయాడు. తిట్టినా బాగుండేది. పొద్దంతా అతికింది సాయంత్రం దాకా విప్పాను.

వేళ్ళు ఊరుకోవడం లేదు. ఈ పేజీ అంచు కూడా మెలిపెట్టేశాను.

జనవరి 26, బుధవారం

ఈరోజు చైనాతో ఉండాల్సింది. ఖాతాకు సెలవు.

సాయంత్రం ఆ వేళకు ఒడియా వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. సంపత్ కూడా వచ్చాడు. ఆట లేదని అందరికీ తెలుసు. టీవీ పెట్టలేదు. అలా ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నాక సంపత్ పళ్ళెం మీద గరిటెతో కొట్టి మొదలుపెట్టాడు.

"నమస్తే. బొంబాయి స్టేడియం నుంచి నేను మీ సంపత్. అటు చైనా, ఇటు మన పోరగాండ్లు. గోల్ కాడ నిలవడ్డ మనిషిని జూస్తె మా ఖాతా వాచ్‌మన్ యాదికొస్తున్నడు, దోమను గూడ లోపలికి రానియ్యడు."

ఒడియా వాళ్ళకు తెలుగు రాదు, అయినా నవ్వారు. సంపత్ ఇంకా రెచ్చిపోయాడు. చైనా వాళ్ళు ఒక గోల్ కొట్టారు. అన్యాయంగా కొట్టారట, రెఫరీని చాలాసేపు తిట్టాడు. తర్వాత మనవాళ్ళు ఒకటి సమం చేశారు. నేను బియ్యం పక్కన పెట్టాను.

"ఇగ చూడుర్రి, పది నంబర్ జెర్సీ, భేస్తాన్ నుంచి వచ్చిన సుమన. బాల్ దొరికింది. ఒకామెను దాటింది, ఇంకొకామెను దాటింది. చైనోళ్ళు పరేషాన్. కాలు లేపింది, కొట్టింది, గోల్."

సుమన నవ్వుతోంది. ఆదివారం తర్వాత అది నవ్వడం ఇదే. ఒడియా వాళ్ళు పళ్ళేలు కొడుతున్నారు. సంపత్ ఆగితే బాగుండేది.

"స్టేడియం మొత్తం లేచి నిలవడ్డది. ముందు వరసల మా అన్న అంబదాస్, రుమాలు తిప్పుతున్నడు."

"కాకా, బస్," అంది సుమన.

సంపత్ గరిటె కింద పెట్టాడు. ఒడియా వాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. ఎవరూ చూడకుండా నేను లెక్క వేసుకున్నాను. రెండు ఒకటితో గెలిచాం.

జనవరి 29

సుమన ఆల్థాన్ గ్రౌండుకు ప్రాక్టీసుకు పోవడం మానేసింది. బూట్లు సంచిలో కట్టి అటక మీద పెట్టింది. జెర్సీ మడిచి నా చీరల కింద దాచింది. మంచిదే. జబ్బు కాలం. చదువు చూసుకుంటుంది. సాయంత్రం పూట ఇంట్లో ఉంటుంది. మంచిదే.

జనవరి 31

సుమన వాళ్ళ కోచ్ ఫోను చేశాడు, నాకు. ఫిబ్రవరి పందొమ్మిదిన అహ్మదాబాద్‌లో ఆడపిల్లలకు సెలెక్షన్ ట్రయల్స్. సుమనకు ఛాన్స్ ఉందట. ఈసారి దాటితే వయసు దాటిపోతుందట. ఇంటివాళ్ళు ఒకరు తోడు ఉండాలి, ఆడవాళ్ళయితే మంచిది, రెండు రోజులు పిల్లతోనే ఉండాలి. హిందీలో మర్యాదగా చెప్పాడు.

సుమనకు చెప్తానని అన్నాను. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 2

సుమనకు తలనొప్పి. చెప్పలేదు.

ఫిబ్రవరి 3

నాకు తలనొప్పి.

ఫిబ్రవరి 7, సోమవారం

నిన్న ఫైనల్ అయింది. సుమన చూడనని కిరాణా కొట్టుకు పోయి రాలేదు చాలాసేపు. నేను టీవీ శబ్దం లేకుండా పెట్టుకుని కొంచెం చూశాను. కొరియా రెండు గోల్స్ ముందుంది. చైనా రెండూ తిరిగి కొట్టి, ఆఖరు ఘడియలో మూడోది కొట్టింది. మన గ్రూపులో ఉన్న చైనా. మనతో ఆడాల్సిన చైనా. మొన్న సంపత్ నోట మన చేతిలో ఓడిన చైనా.

ఎందుకు ఏడ్చానో తెలియదు. కొంచెమే చూశాను అని రాశాను కదా, మొత్తం చూశాను.

ఫిబ్రవరి 10

నేను ఎంతకూ జవాబు చెప్పకపోయేసరికి కోచ్ సంపత్‌కు ఫోను చేశాడు. సంపత్ పని నుంచి నేరుగా వచ్చాడు, జుట్టంతా నూలు దుమ్ము.

"పది రోజులాయె అంట, నీకు జెప్పి. ఏంది వదినా గిది?"

"మర్చిపోయిన," అన్నాను.

"నువ్వు? ఎవని మగ్గం మీద ఎన్ని పోగులున్నయో పండుకొని గూడ చెప్తవ్ నువ్వు."

"కరోనా ఉంది. నాకు మోకాళ్ళు నొస్తున్నయ్. సేఠ్ సెలవియ్యడు. అహ్మదాబాద్‌ల మనకు ఎవరున్నరు?"

ఒకదాని మీద ఒకటి అవే వస్తున్నాయి. సుమన మూల నుంచి విని మెల్లగా అంది, "కాకా, అమ్మను ఏమనకు. ట్రయల్స్ సంగతి నాక్కూడ తెల్సు. దోస్తులు ముందుగల్లనే చెప్పిన్రు. అమ్మ రాదు గదా. నేనే కోచ్‌కు నై అంటున్న, ఆయన ఇంటలేడు."

దాని గొంతులో కోపం లేదు. అది నాకు ఎక్కువ తగిలింది. బూట్లు అటక ఎక్కింది ఇండియా టీం పోయినందుకే అనుకున్నాను ఇన్ని రోజులు. అలా అనుకోవడం తేలికగా ఉండింది.

నిజం రాస్తాను, ఎవరు చూస్తారు. అంబులెన్స్ తిరిగిన మలుపు దాటి ఏప్రిల్ నుంచి నేను పోలేదు. గది, ఖాతా, కూరగాయల బండి. ఖాతాకు కూడా వెనక దారిన పోతాను. మలుపు దాటినవాళ్ళు తిరిగి రారని మనసుకు పట్టేసింది. పిచ్చి అని తెలుసు. తెలిస్తే పోతుందా?

సంపత్ గుమ్మంలో కూర్చుని నెత్తి దులుపుకున్నాడు. "అన్న కోరిక ఇగ తీరది. ఆ మ్యాచ్ ఎప్పటికీ కాదు. సంవత్సరీకం దగ్గరికొస్తున్నది. ఒక్కసారన్న పిట్ట ముట్టకుంటె ఎట్ల? ఆదివారం డుమస్ పోదాం. అన్నను సముద్రంల కలిపింది ఆడనే. మళ్ళ పెడ్దాం. ఈసారి నువ్వు చెప్పాలె వదినా, ఏం మాటిస్తవో."

ఫిబ్రవరి 12

పొద్దున కళ్ళు తిరిగినట్టయింది. పోవడం కుదరదేమో.

కోడిగుడ్డు పులుసు మాత్రం చేశాను. ఆయనకు ఇష్టం. చేసి పెడితే సంపత్ అయినా తీసుకుపోతాడు.

ఫిబ్రవరి 13, ఆదివారం

పోయాను.

ఆటో మలుపు తిరిగేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. సుమన నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి కిళ్ళీ కొట్టు, తర్వాత పెట్రోలు బంకు, తర్వాత ఇంకేవో. రోడ్డు మామూలుగానే ఉంది. ఆల్థాన్ గ్రౌండు పక్క నుంచి పోతున్నప్పుడు ఆడపిల్లలు ఆడుతూ కనిపించారు. నేను చూశాను. సుమన ఇంకో వైపు చూసింది. నీలం జెర్సీ నా చీరల కింద నుంచి ఎప్పుడు తీసుకుందో, చున్నీ లోపల అదే వేసుకుంది.

డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. జనం బాగానే ఉన్నారు, మాస్కులు జేబుల్లో. సంపత్ కొంచెం దూరంగా చోటు చూసి ఆకు వేశాడు. అన్నం, గుడ్డు పులుసు, ఒక బీడీ. "కల్లు లేదన్నా, మాఫ్ చెయ్," అన్నాడు ఆకు వైపు చూసి. "గుజరాత్‌ల సచ్చినోనికి గూడ చుక్క దొరకది." తర్వాత దండం పెట్టాడు. మేమూ పెట్టాం.

కాకులకు కొదవ లేదు. బండ్ల దగ్గర టమాటా భజియాల ముక్కలకు కొట్టుకుంటున్నాయి. ఒక్కటీ ఇటు రాలేదు. సంపత్ మళ్ళీ వరసగా మొదలుపెట్టాడు. వదినను చూసుకుంటున్న, పిల్లను చదివిపిస్తున్న. ఒక కాకి దగ్గరదాకా నడిచి వచ్చింది, తల పక్కకు వంచి చూసింది, మళ్ళీ బండి వైపు పోయింది.

"వదినా, నువ్వు చెప్పు."

నేను చెప్పేది ఇంట్లోనే తయారు చేసుకున్నాను. పిల్లను అహ్మదాబాద్ తీసుకుపోతాను అనాలి. ఆ ఒక్క మాట. నోరు తెరిచేసరికి దారి గుర్తొచ్చింది. మలుపులు ఎన్ని ఉంటాయో అహ్మదాబాద్ దాకా.

"కాసేపాగి చెప్త," అన్నాను.

సంపత్ లేచి పోయి మూడు భజియా పొట్లాలు తెచ్చాడు. సుమన తినలేదు. అక్కడ ఎవరో పిల్లలు, గుజరాతీ వాళ్ళు, బంతి ఆడుతున్నారు. బంతి దొర్లుకుంటూ మా దగ్గరికి వచ్చింది. సుమన ఒక్క క్షణం దాన్ని చూసింది. చున్నీ తీసి నా ఒళ్ళో పడేసి, చెప్పులు విడిచి, బంతిని కాలితో లేపి తీసుకుపోయింది.

నా కూతురు ఆడుతుంటే నేను చూడటం ఇదే మొదలు. ఆదివారం ఆదివారం ఆయన పిలిచేవాడు, ఒక్కసారి రా, నీ బిడ్డ ఎట్ల ఉరుకుతదో చూద్దువు అని. నాకు ఎప్పుడూ పనే. ఇప్పుడు చూశాను. తడి ఇసుక మీద మగపిల్లల మధ్య నుంచి వంగి ఉరుకుతోంది. ఇంట్లో ముడుచుకుని కూర్చునే పిల్ల కాదది. ఒకడిని దాటింది, ఇంకొకడు మీదికి వస్తే బంతి ఆపి, వాడు జారి పోయేదాకా చూసి, మళ్ళీ కదిలింది. గట్టిగా నవ్వింది. జెర్సీ భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. ఆకు సంగతి మర్చిపోయాను. చేతిలో భజియా ఉన్న సంగతి కూడా మర్చిపోయాను.

చెయ్యి మీద గోళ్ళు గీరుకున్నాయి. రెక్కలు ముఖానికి తగిలాయి. చూసేసరికి భజియా లేదు. కాకి దాన్ని ముక్కున పట్టుకుని సముద్రం మీదుగా పోతోంది.

సంపత్ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "ముట్టింది వదినా. నీ చేతిలకెళ్లే తిన్నది. ఇగ నువ్వేం మాటియ్యనక్కర లేదు. అయిపాయె."

అయిపోయింది. ఏమీ మాటివ్వకుండానే బయటపడ్డాను. ఇంటికి పోవచ్చు, మలుపు లోపలికి. కాకి చిన్న చుక్క అయ్యేదాకా చూశాను. అది కనిపించకుండా పోయాక లేచి నిలబడి గట్టిగా చెప్పాను.

"శుక్రవారం రైలుకు నేను పోత పిల్లతోని. రెండు రోజులు ఆడనే ఉంట."

సంపత్ నన్ను విచిత్రంగా చూశాడు. "పిట్ట పొయింది గద వదినా. ఇంకెవరికి చెప్తున్నవ్?"

"ఆయనకు కాదు," అన్నాను.

సుమనకు వినిపించింది. బంతిని కాలి కింద తొక్కి పట్టి, ఊపిరి ఎగబీలుస్తూ అక్కడే నిలబడి నన్ను చూసింది. ఆ పిల్లలు బంతి కోసం అరుస్తున్నారు, ఇవ్వడం లేదు.

"అమ్మా," అంది చివరికి, "విండో సీట్ నాకు."